ముందు నాలుక, తర్వాతే పొయ్యి

మా మనవరాలు ఫోన్లో ఒక ఆట ఆడుతుంది. అందులో మనమే ఒక మనిషిని తయారు చేసుకోవాలట. పేరు పెట్టి, బట్టలు తొడిగి, ఏయే దేశాల వాళ్లో ఆడుతున్న ఆ లోకంలోకి వదలాలట. వదిలేముందు పెద్ద చిక్కొకటి ఉంది. ఆ మనిషికి ఏ పనీ రాదు. చెట్లు కొట్టడం, చేపలు పట్టడం, నిప్పు రాజేయడం, వంట, కత్తి తిప్పడం, ఇట్లా చాంతాడంత వరుస ఉంటుంది. ముందు ఏది నేర్పిస్తే తర్వాతి బతుకంతా దాన్ని బట్టే నడుస్తుంది. మొన్న ఆదివారం పొద్దున్నుంచి ఆ పిల్లకు ఇదే రంధి. ఆటలోని స్నేహితులను అడిగితే ఒకడు కత్తి అన్నాడట, ఇంకొకతె చేపలు అందట. ఉప్మా చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. అడగడానికి ఇక ఎవరూ మిగల్లేదు కాబట్టి చివరికి నన్ను అడిగింది. "నానమ్మా, నువ్వైతే ముందు ఏది నేర్పిస్తవ్?"

"ముందు ఆమెకు ఒక పూట అన్నం పెట్టి, ఎట్ల తింటదో చూడాలె," అన్నాను.

ఆ ఆటలో అట్లాంటి వసతి లేదట. ఆ పిల్ల పకపకా నవ్వి, కత్తి మీద వేలు నొక్కి, తన లోకంలోకి తాను వెళ్లిపోయింది. నేను మాత్రం కుర్చీలో అట్లాగే ఉండిపోయాను. ఆ మాట నాది కాదు. అది ఎల్లారెడ్డి ఖాలమ్మ మాట. ఆమె పోయి చాలా ఏళ్లయింది. కామారెడ్డిలో మా ఇంటి హాల్లో కూర్చుని, ఏమాత్రం తడుముకోకుండా ఆ మాట నా నోటి నుంచి వచ్చేసరికి నాకే వింతగా తోచింది.

ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. దానికి మేం అమ్మ తగిలించి ఖాలమ్మ చేసుకున్నాం. అసలు పేరేమిటో నాకు తెలియదు, ఊళ్లో ఆ పేరుతో పిలిచేవాళ్లనూ నేను చూడలేదు. ఆమె భర్త పెళ్లిళ్లకు, దావతులకు వండే బావర్చి. ఆయన పోయాక ఆయన వండే ఆ పెద్ద పెద్ద గిన్నెలను, డేగిసాలను అమ్మేయమని అందరూ చెప్పారట. ఖాలమ్మ అమ్మలేదు. వాటిని వాకిట్లో బోర్లించి, ఒకదాని మీద కూర్చుని, పెళ్లివాళ్లు వస్తే తానే బేరం మాట్లాడి, తానే వెళ్లి వండించి వచ్చేది.

ఎనభైలు వచ్చేసరికి ఆమెకు ఇంకో పని తగిలింది. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికొకరు మస్కట్‌కో దుబాయ్‌కో బయల్దేరుతున్నారు. వీసా ఏ పని మీద వస్తే ఆ పని మనకు వచ్చినట్టే లెక్క. నాగలి తప్ప ఏదీ పట్టనివాడికి వడ్రంగి వీసా వచ్చేది. కోడిని కోస్తుంటే మొహం తిప్పుకునేవాడికి కసాయి వీసా వచ్చేది. ఇక వంటవాడి వీసా వచ్చినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచి తల్లో, అక్కో, పెళ్లామో పెడితే తిన్నవాళ్లు. చాయ కాచుకోవాలంటే ఆకు ముందు వేయాలో నీళ్లు ముందు పోయాలో తెలియదు. వాళ్లంతా ఖాలమ్మ వాకిట్లో తేలేవాళ్లు.

ఆమె ఫీజు ఒక కట్టెల మోపు. నువ్వు నేర్చుకునే వంటకు నీ కట్టెలు నువ్వే తెచ్చుకోవాలి, నీ కంచం నువ్వే తెచ్చుకోవాలి. అంతకుమించి అడిగేది కాదు. మగవాళ్లకేమో వంట నేర్చుకోవడానికి పోతున్నామని ఊళ్లో చెప్పుకోవాలంటే సిగ్గు. ఎల్లారెడ్డిలో తాసీల్ కచేరీ పని ఉందని చెప్పి బయల్దేరేవాళ్లు. బస్సు టాపు మీద కట్టెల మోపు, చేతిలో కంచం పెట్టుకుని కచేరీకి పోయేవాణ్ణి ఎవరు నమ్ముతారు? కండక్టరు టికెట్టు చింపుతూ "ఖాలమ్మ తానికేనా?" అని బస్సంతా వినబడేటట్టు అడిగేవాడు.

వచ్చిన ప్రతివాడూ ఒకటే కోరేవాడు, ముందు బిర్యానీ నేర్పమని. ఖాలమ్మ పాన్ నములుతూ, "పెండ్లినాడే మనుమణ్ణి ఎత్తుకుంటవా?" అనేది. తర్వాత వాణ్ణి కూర్చోబెట్టి ఒక పూట అన్నం పెట్టేది. అంతే పరీక్ష. వాడు తింటున్నంతసేపూ తను వక్కలు కత్తిరిస్తూ ఓరకంట చూసేది. తిని లేచాక, నువ్వు ముందు ఇది నేర్చుకో అని ఏదో ఒకటి చెప్పేది. అది ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. మద్నూర్ నుంచి మరాఠీ కలిపి మాట్లాడే ఒకతను వచ్చేవాడు, ఒట్టి తొందర మనిషి. అన్నం మీద పప్పు పడకముందే కలిపేశాడు. అతనికి ఉల్లిగడ్డలూ కత్తీ ఇచ్చి, కాగితమంత పల్చగా తరగడం తప్ప ఇంకో పని ఇవ్వలేదు. డోంగ్లి దిక్కు నుంచి వచ్చిన ఒక పటేల్ గారి అబ్బాయి తిన్న కంచాన్ని అక్కడే వదిలేసి లేచాడు. అతని చేతికి బూడిద, కొబ్బరి పీచు ఇచ్చి డేగిసాల దగ్గర కూర్చోబెట్టింది. వాళ్లిద్దరూ తమకే అన్యాయం జరిగిందని ఒకరితో ఒకరు చెప్పుకుని ఓదార్చుకునేవాళ్లు.

వండేటప్పుడు ఆమె పొయ్యికి వీపు పెట్టి కూర్చునేది. వెనక నుంచి చప్పుడు వింటూ, అడకత్తెరను భుజం మీదుగా వెనక్కి చూపిస్తూ, నూనె కాగలేదనో మూత సరిగ్గా పడలేదనో చెప్పేది. వంట పాడైతే తిట్టేది కాదు. బా, బా అని కోళ్లను పిలిచేది. కోళ్లు పరుగెత్తుకొచ్చాయంటే ఆ రోజు వండినవాడి మొహం చూడాలి. ఎల్లారెడ్డి మొత్తంలో అంత బలిసిన కోళ్లు ఇంకో ఇంట్లో ఉండేవి కావు. బాగా కుదిరితే మాత్రం "చల్తా" అనేది. అంటే పర్వాలేదు, నడుస్తుందని. అంతకు మించిన మెప్పు ఆమె దగ్గర లేదు. ఆ ఒక్క మాట కోసం మీసాలున్న మగవాళ్లు చంటిపిల్లల్లాగా ఆమె మొహంలోకి చూస్తూ నిలబడేవాళ్లు.

మాది అప్పట్లో నాగిరెడ్డిపేట దగ్గర పల్లె. పోచారం ప్రాజెక్టు నీళ్లు పారే కాలువ మా ఊరికి వచ్చేసరికి సన్నబడేది, మా మడి దగ్గరికి వచ్చేసరికి మాటకే మిగిలేది. వరుసగా రెండు పంటలు ఎండాయి. మా ఆయన మేనత్త కొడుకు ఒకతను మస్కట్‌లో ఉండేవాడు. కిందా మీదా పడి ఒక వీసా పట్టాడు. వంటవాడి వీసా. కార్మికులుండే క్యాంపులో వండి పెట్టాలి. పంపేముందు కామారెడ్డిలో ఏజెంటు పరీక్ష పెడతాడు, వండి చూపించాలి, తప్పితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. ఇది పోతే ఇంకోటి పట్టడం తన వల్ల కాదని మేనత్త కొడుకు ముందే తేల్చి చెప్పాడు.

నా బాధ ఇంకొకటి ఉంది. మాకు పెళ్లయి రెండేళ్లు. ఆ రెండేళ్లలో మా ఆయన నా వంట గురించి ఒక్క మాట మాట్లాడలేదు. బాగుందనలేదు, బాగాలేదనలేదు. తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కుని, లేచి వెళ్లిపోయేవాడు. నేను తలుపు దగ్గర నిలబడి ఆయన వీపు చూసేదాన్ని. వంట నచ్చలేదా, మనిషే నచ్చలేదా? ఎవరిని అడగాలి? ఇక ఇప్పుడు దేశం దాటి పోతే రెండేళ్ల దాకా రాడు. ఏమీ తెలియకుండానే పోతాడా అని నాకు లోపల లోపల భయంగా ఉండేది.

ఆయన ఒక్కడే పోవడానికి మొహమాటపడి మొదటి రోజు నన్ను వెంట తీసుకుపోయాడు. కట్టెల మోపు ఆయన మోశాడు, కంచం నేను పట్టుకున్నాను. ఖాలమ్మ మా ఇద్దరికీ అన్నం, పప్పు పెట్టింది. మా ఆయన ఎప్పటిలాగే తల వంచి, మెతుకు మిగలకుండా తిన్నాడు. నేను మొదటి ముద్ద దగ్గరే ఆగిపోయాను. పరాయి ఇంట్లో ఏమనాలో తెలియక కంచంలోకి చూస్తూ కూర్చున్నాను.

"ఎట్లున్నది బేటా?" అని ఆయన్ని అడిగింది ఖాలమ్మ.

"మంచిగున్నది ఖాలమ్మ."

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బేటీ. చెయ్యి ఆగింది గద."

"పప్పుల ఉప్పు లేదు," అన్నాను మెల్లగా.

మా ఆయన నన్ను ఉరిమి చూశాడు. అన్నం పెట్టిన ఇంట్లో ఆ మాట అంటావా అన్నట్టు. తర్వాత అనుమానం వచ్చి, ఖాళీ కంచం మీద వేలు రాసి నాలుక మీద పెట్టుకున్నాడు. అప్పుడు కూడా ఆయనకు తేలలేదు. ఉందో లేదో అన్నట్టు మొహం పెట్టాడు.

ఖాలమ్మకు నవ్వొచ్చింది. నన్ను ఒక్కొక్కటే అడిగింది. పెళ్లయి ఎన్నేళ్లయిందని. ఈయన ఎప్పుడైనా నీ వంట బాగుందన్నాడా అని. బాగాలేదన్నాడా అని. నేను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాను. ఊపుతుంటే నాకు ఏడుపొచ్చింది. నా ఇంటి గుట్టును ముక్కూ మొహం తెలియని మనిషి ముందు పరిచినట్టు అయింది.

మా ఆయనకు అప్పుడు రోషం వచ్చింది. "మా బాపు చెప్పిండు, అన్నానికి వంక పెట్టొద్దని. పెట్టింది తినాలె, లేవాలె. మాట్లాడితే ఇంట్ల గింజ నిల్వదని," అన్నాడు.

ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. మా మామ నేను కాపురానికి రాకముందే పోయాడు. ఆయన పెట్టిన ఆంక్ష ఒకటి ఆ ఇంట్లో నాతోపాటు కాపురం చేస్తోందని నాకెవరూ చెప్పలేదు. ఈయన నా మీద అయిష్టంతో కాదు, అన్నం మీద భయభక్తులతో మూగగా తింటున్నాడు. చిన్నప్పటి నుంచి రుచిని పట్టించుకోకుండా మింగీ మింగీ, ఇప్పుడు పట్టించుకుందామన్నా నాలుక పలకడం లేదు.

"మీ బాపు మంచి మాటనే చెప్పిండు," అంది ఖాలమ్మ. "వంక పెట్టకు. రుచి చెప్పు. రెండు వేరు. నీకు ముందు పొయ్యి కాదు బేటా. ముందు నాలిక."

తర్వాత మాకు ఒక పద్ధతి పెట్టింది. ఇంట్లో ప్రతి పూటా, చెయ్యి కడుక్కునేలోపు ఆయన తిన్నదాని గురించి ఒక్క మాట చెప్పాలి. చెప్పకుండా లేస్తే నేను అడగాలి. "నువ్వు గూడ రెండేండ్ల సంది నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా?" అని నాకూ ఒకటి తగిలించింది.

ఆ రోజు నుంచి ఆయన ఖాలమ్మ వాకిట్లో నీళ్లు రుచి చూడడం మొదలుపెట్టాడు. నిజంగానే నీళ్లు. ఒక కుండలో నల్లా నీళ్లు, ఒక కుండలో బావి నీళ్లు, ఒకదానిలో చిటికెడు ఉప్పు వేసిన నీళ్లు. ఏది ఏదో చెప్పాలి. పక్కన మద్నూర్ అతను ఉల్లిగడ్డలు తరుగుతూ, మా ఆయన తప్పు చెప్పినప్పుడల్లా కళ్ల నీళ్లతోనే నవ్వేవాడట.

ఇంట్లో సంగతి ఇంకా అధ్వానం. మొదటి పూట తిన్నాక నేను తలుపు దగ్గర నిలబడి, "ఎట్లున్నది?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించి, "వేడిగున్నది," అన్నాడు. రెండో పూట, "పప్పు పప్పు లెక్కనే ఉన్నది," అన్నాడు. అన్నం ముందు మగవాడు నోరు తెరవడం చూసి మా అత్తకు కాళ్లూ చేతులూ ఆడలేదు. కొడుకు పాడైపోతున్నాడని వాకిట్లో కూర్చుని వచ్చేపోయేవాళ్లకు చెప్పుకుంది. నాకు మాత్రం లోపల నవ్వు. పెళ్లయ్యాక మొదటిసారి మేమిద్దరం మాట్లాడుకునే విషయం ఒకటి దొరికింది, అది పప్పయినా సరే.

కొన్ని రోజులు పోయాక ఒక సాయంత్రం చారు పోసుకుని ఒక గుక్క తాగి ఆగాడు. మళ్లీ ఒక గుక్క తాగాడు. "చింతపండు మార్చినవా?" అన్నాడు. మార్చాను. పాతది అయిపోతే ఆ రోజే కొత్త చింతపండు బుట్ట విప్పాను. అవునని చెప్పి గబగబా పెరట్లోకి పోయాను. ఎందుకు పోయానో ఆయనకు తెలియదు. అక్కడ గోడకు ఆనుకుని నిలబడి, చాలా సంతోషంగా ఏడ్చాను.

కానీ పరీక్ష రోజు దగ్గరికొస్తోంది. ఖాలమ్మ దగ్గర మిగతావాళ్లలో కొందరు బగారా అన్నం దాకా వచ్చారు. మా ఆయన ఇంకా కుండల దగ్గరే ఉన్నాడు. రాత్రుళ్లు నిద్రపట్టక మంచం మీద దొర్లేవాడు. ఈ ముసలమ్మ వల్ల చోటు పోతుంది, మడి ఎట్లాగూ పోయింది, ఇక కూలికి పోవడమే అని గొణిగేవాడు. ఒకనాడు నేనే ఉండబట్టలేక ఎల్లారెడ్డి బస్సెక్కాను. ఖాలమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, ఆయనకు నీళ్లు చాలు, పొయ్యి నేర్పమని బతిమాలాను. ఆమె అడకత్తెర పక్కన పెట్టింది. ఆమె అది పక్కన పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆడ ఆయన పక్కన నువ్వుంటవా బేటీ? నేనుంటనా?" అంది. "ఉప్పు ఎక్కువైంది, అడుగంటింది అని చెప్పేటోళ్లు ఎవరుంటరు? ఆయన నాలికనే చెప్పాలె. పొయ్యిదేముంది, నాలుగు దినాలల్ల వస్తది. నాలిక ముందొస్తే పొయ్యి దాని ఎంబడి వస్తది. పొయ్యి ముందొస్తే మనిషికి అంతా వచ్చిందనిపిస్తది, ఇగ నాలిక ఎన్నటికి రాదు."

నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. ఇంటికి వచ్చి ఆయనతో చెబుదామంటే ఆయన ఇంట్లో లేడు. ఓపిక చచ్చి, ఖాలమ్మకు చెప్పకుండా కామారెడ్డికి పోయి, స్టేషన్ దగ్గర ఒక హోటల్లో వంటమనిషిని పట్టుకున్నాడు. అక్కడ కొన్నాళ్లు గిన్నెలు కడిగి, మటన్ బిర్యానీ ఎట్లా చేయాలో చూసి నేర్చుకున్నాడు. తిరిగొచ్చేసరికి నడకే మారిపోయింది. నన్ను కూడా వెంటబెట్టుకుని ఎల్లారెడ్డి పోయి, ఈ రోజు నేను వండుతానన్నాడు. ఖాలమ్మ ఎక్కడ నేర్చావని అడగలేదు. వండమంది. పొయ్యికి వీపు పెట్టి కూర్చుంది. మద్నూర్ అతను ఉల్లిగడ్డలు వదిలి, పటేల్ గారి అబ్బాయి బూడిద చేతులతో, వచ్చి నిలబడ్డారు. వాకిలంతా మసాలా వాసన. నాకూ ఆశ కలిగింది.

దించాక మా ఆయన మొదటి కంచం ఖాలమ్మకు పెట్టబోయాడు. ఆమె తీసుకోలేదు. "నువ్వే తిను," అంది. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నములుతుంటే దవడ నెమ్మదించింది. కంచం కింద పెట్టేశాడు.

"మసాల మాడింది ఖాలమ్మ," అన్నాడు. "చేదొస్తున్నది. ఉప్పు గూడ రెండు తాపల పడ్డది."

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

ఆయన తల తిప్పాడు. నా వైపు చూశాడు. ఎవరూ చెప్పలేదు. వాసన చూసి మేమందరం మోసపోయాం, మాడిందని మాలో ఎవరికీ తెలియలేదు. ఆయనకొక్కడికే తెలిసింది.

ఖాలమ్మ కోళ్లను పిలవలేదు. లేచి, ఆ బిర్యానీ గంజు పక్కకు జరిపించి, "ఇగ పొయ్యి ముట్టియ్యి," అంది. ఆ రోజు మధ్యాహ్నం నుంచి పరీక్ష ముందు రోజు దాకా ఆయన ఆ పొయ్యి వదల్లేదు. ఆమె చెప్పింది నిజమే. ఒకసారి చెడగొట్టినది రెండోసారి చెడగొట్టలేదు, ఎందుకంటే ఎక్కడ చెడిందో నోటికి తెలిసిపోయేది. అన్నం, పప్పు, కోడికూర, ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. బిర్యానీ మాత్రం ఆమె నేర్పలేదు, ఆయనా అడగలేదు.

పరీక్ష కామారెడ్డిలో ఒక బియ్యం మిల్లు వెనక షెడ్డులో పెట్టారు. ఆడవాళ్లను లోపలికి రానివ్వలేదు. నేను మిల్లు గేటు దగ్గర ఊక కుప్పల పక్కన కూర్చుని, మొక్కని దేవుడంటూ లేకుండా అందరికీ మొక్కాను. లోపల జరిగింది తర్వాత, అదే పరీక్షకు వచ్చిన మద్నూర్ అతను బస్సులో చెప్పాడు. పరీక్ష పెట్టినాయన ఒక పెద్దమనిషి, గల్ఫ్ క్యాంపుల్లో వండి వండి తిరిగొచ్చినవాడు. అందరికీ ఒకే బియ్యం, ఒకే కోడి, ఒకే డ్రమ్ములో నీళ్లు ఇచ్చాడు. అన్నం, కూర చేయమన్నాడు. అందరూ పరుగులు పెట్టి పొయ్యిలు ముట్టించారట. మా ఆయన మాత్రం చెంబుతో నీళ్లు తీసుకుని, పుక్కిట పట్టి నిలబడ్డాడట. ఇతనికి భయంతో నోరెండిపోయిందని పక్కవాళ్లు నవ్వారట. అవి మిల్లు బోరు నీళ్లు, కొంచెం ఉప్పన. కొంచెమే, నోట్లో పట్టి ఆగితేనే తెలిసేంత. మా ఆయన ఎసట్లో ఉప్పు వేయలేదు, కూరలో సగమే వేశాడు. మిగతావాళ్లు అలవాటైన పిడికిలి అలవాటుగా వేశారు.

పెద్దమనిషి ఒక్కొక్కరి గంజు దగ్గరా ఆగి రుచి చూసుకుంటూ వచ్చాడు. మా ఆయన కూర అంతంతమాత్రమే అన్నాడట. కోడి ఇంకొంచెం ఉడకాలన్నాడట. అన్నం ఇంకో ముద్ద అడిగి తిన్నాడట. పేరు రాసుకోమని ఏజెంటుకు చెప్పాడట. ఉల్లిగడ్డలు బ్రహ్మాండంగా తరిగిన మద్నూర్ అతనికి ఉప్పు దెబ్బ కొట్టింది. పాపం అతనికి ఆ విడతలో రాలేదు, తర్వాతి విడతలో వచ్చింది.

మేం మా ఊరికి పోలేదు, ముందు ఎల్లారెడ్డిలో దిగాం. ఖాలమ్మ వక్కలు కత్తిరిస్తూ మొత్తం విన్నది. నీళ్ల సంగతి దగ్గర మాత్రం ఒకసారి తలెత్తింది. అంతా విన్నాక, "చల్తా," అంది. మా ఆయన అంత పొడుగు మనిషి ఆమె కాళ్ల మీద పడిపోయాడు.

ఆయన వెళ్లాడు. క్యాంపు వంటింట్లో చాలా ఏళ్లు చేశాడు, సెలవులకు వచ్చి వెళ్తూ, చివరికి తొంభైల్లో పూర్తిగా వచ్చేశాడు. కామారెడ్డిలో ఇల్లు కట్టుకున్నాం. వచ్చిన కొన్నాళ్లకే ఖాలమ్మ పోయింది. పోయిన రోజు మాకు కబురు ఆలస్యంగా తెలిసింది. నలభయ్యో రోజు, పోయినవాళ్ల పేరిట ప్రార్థన చేసి అన్నం పెట్టే ఫాతెహాకు మాత్రం వెళ్లాం. ఆమె తమ్ముడి కొడుకు, వంటకు మనిషిని పిలవలేదని, ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లంతా వచ్చి వండుతామన్నారని చెప్పాడు.

వచ్చారు. మద్నూర్ నుంచి, డోంగ్లి నుంచి, నాగిరెడ్డిపేట నుంచి, నేనెప్పుడూ చూడని ఊళ్ల నుంచి. జుట్లు నెరిశాయి, పొట్టలు పెరిగాయి, కొందరి చేతులకు గల్ఫ్ గడియారాలు. ప్రతివాడి నెత్తి మీదా ఒక కట్టెల మోపు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, తెచ్చారంతే. వచ్చీ రావడంతోనే పెద్ద జగడం మొదలైంది. ముందు ఏం చేయాలి? ముందు పొయ్యి అని ఒకడు. కాదు, ముందు డేగిసా కడగాలి, ఖాలమ్మ నాకు ముందు అదే నేర్పిందని పటేల్ గారి అబ్బాయి. అతను ఇప్పుడు అబ్బాయేం కాదు, మనవలున్నవాడు. ఉల్లిగడ్డలు తరగనిదే ఏదీ కదలదని మద్నూర్ అతను. మా ఆయన అందరికంటే పెద్ద గొంతుతో, ముందు నీళ్లు చూడాలని. ప్రతివాడూ ఒట్టు పెట్టి చెబుతున్నాడు, ఆమె తనకు నేర్పిందే అసలైన మొదలని. మగవాళ్లు వంట గురించి అంత గట్టిగా కొట్లాడుకోవడం ఎల్లారెడ్డి అంతకుముందు చూసి ఉండదు.

నేను ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాను. వినీ వినీ లేచి వెళ్లి చెప్పాను. ఆమె మొదలు ఒకటి కాదు, మనిషిని బట్టి మార్చిందని. ఎవరికి ఏది లేదో వాళ్లకు అది ముందు ఇచ్చిందని. జగడం ఆగింది. తర్వాత ఎవరి మొదలు దగ్గరికి వాళ్లు వెళ్లిపోయారు. ఒకడు పొయ్యి ముట్టించాడు, ఒకడు డేగిసా తోమాడు, ఒకడు కత్తి పట్టాడు, మా ఆయన నీళ్ల కుండ దగ్గర కూర్చున్నాడు. ఎవరికి ఎవరూ చెప్పే పని లేకుండా వాకిలంతా ఒక్కసారిగా కదిలింది. ఆమె ఉండగా ఇంతమంది ఎప్పుడూ ఒకే రోజు ఆ వాకిట్లో లేరు. ఉండి ఉంటే చూసేది కదా అనుకున్నాను.

మద్నూర్ అతను ఉల్లిగడ్డలు తరుగుతూ తలెత్తి, "వదినా, నీకు ముందు ఏం నేర్పింది?" అని అడిగాడు.

నాకేం నేర్పలేదని చెప్పబోయాను. నేను ఆ వాకిట్లో గంటె పట్టింది లేదు.

"దీనికా?" అన్నాడు మా ఆయన, కుండ మీద నుంచి తల తిప్పకుండానే. "నన్ను అడుగుడు నేర్పింది."

అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. కానీ అది నిజం. ఆయన దేశంలో లేనప్పుడు టెలిఫోన్ బూత్‌లో నిలబడి, బయట వరుస తిట్టుకుంటున్నా, ఈ రోజు ఏం వండుకున్నావు, ఎట్లున్నది అని అడిగేదాన్ని. ఇంట్లో ఉన్నప్పుడు తలుపు దగ్గర నిలబడటం మానేసి, ఎదురుగా కూర్చుని అడిగేదాన్ని. ఇన్నేళ్లలో నేను అడగని పూట లేదు, ఆయన చెప్పకుండా లేచిన పూట లేదు.